దొరబాబు గారి వంటింటి సాఫ్ట్‌వేర్

ఇంటికి పనికొచ్చే కంప్యూటర్ ఎవరూ కొనకూడదు. కొంటే పనికిరానిదే కొనాలి.

ఇది తొందరపడి అంటున్న మాట కాదు. పనికొచ్చే వస్తువు ఇంటికొస్తే ఏమవుతుంది? మర్నాటి నుంచీ దాన్ని వాడతారు. వాడితే అరుగుతుంది, మరకలు పడతాయి, ఆర్నెల్లకు దాని మొహం చూసేవాడుండడు. పనికిరాని వస్తువు అలా కాదు. దానికి గుడ్డ కప్పుతారు. శుక్రవారం బొట్టు పెడతారు. ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. దానికేదైనా పని దొరుకుతుందేమోనని ఇంటాయన ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. నలభై దాటిన మగాణ్ణి అంత చురుగ్గా ఉంచే వస్తువు మరొకటి చూపించండి!

నమ్మకం కలగనివారు దొరబాబు గారి సంగతి వినాలి.

దొరబాబు గారిది రామచంద్రపురం దగ్గర ఒక పల్లె. కొంత వరిచేను, కొంత కొబ్బరితోట, ఒక పెంకుటిల్లు. ఇంట్లో ఆయనా, భార్య లోవలక్ష్మీ, తల్లి పాపాయమ్మ గారూ ఉంటారు. పిల్లలిద్దరూ కాకినాడ హాస్టల్లో చదువుకుంటున్నారు. దొరబాబు గారు మంచి మనిషి. ఎవరేం చెప్పినా శ్రద్ధగా వింటారు, ముఖ్యంగా బయటివాళ్ళు చెబితే.

పెద్ద తుఫాను వచ్చి కొబ్బరిచెట్లు పడిపోయిన మరుసటి ఏడు, అంటే తొంభై ఏడు వేసవిలో, లోవలక్ష్మికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఎత్తితే నొప్పి. జడ వేసుకోబోతే నొప్పి. రామచంద్రపురంలో డాక్టరు గారు ఆ భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ చేత్తో రోజూ ఏం పని చేస్తారమ్మా?" అని అడిగారు.

ఆవిడ కాస్త ఆలోచించి, "రుబ్బుతానండి" అంది.

"అది మానెయ్యండి" అన్నారాయన.

మానెయ్యడానికి మందు రాజమండ్రిలో అమ్ముతారని దొరబాబు గారికి తెలుసు. దాన్ని గ్రైండర్ అంటారు. ఎవరూ అడక్కుండానే ఆయన, "రేపెళ్ళి తెచ్చేస్తాను" అన్నారు. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని బస్సెక్కారు. సాయంత్రం జీపులో దిగారు. జీపు వెనకాల మూడు అట్టపెట్టెలున్నాయి. వాటిలో ఏదీ గ్రైండర్ కాదు.

జరిగిందేమిటంటే, రాజమండ్రిలో ఆ గ్రైండర్ల షాపు పక్కనే గణేష్‌బాబు అనే ఆయన కొత్తగా కంప్యూటర్ల షాపు తెరిచారు. అందులో ఏసీ ఉంది. బయట మే నెల ఉంది. దొరబాబు గారు కాసేపు చల్లగా నించుందామని లోపలికెళ్ళారు. గణేష్‌బాబు కుర్చీ వేయించి, కూల్‌డ్రింక్ తెప్పించి, ఏం కొందామని వచ్చారండి అని అడిగారు.

"గ్రైండరండి."

గణేష్‌బాబు ఆయన వంక జాలిగా చూశారు. "గ్రైండర్ ఒక్క పనే చేస్తుందండి. ఇది ఇంట్లో అన్ని పనులూ చేస్తుంది."

"పిండి రుబ్బుతుందాండి?"

"ఆయ్, సాఫ్ట్‌వేర్ దొరకాలి గానీ, ఇది చెయ్యలేని పనంటూ లేదండి."

ఆ వాక్యంలో 'గానీ' అనే మాట ఒకటుంది. ఏసీలో కూచున్నవాళ్ళకు అది వినపడదు.

అట్టపెట్టెలు విప్పుతున్నంతసేపూ లోవలక్ష్మి గుమ్మంలోనే నించుంది. టీవీలాంటిది ఒకటి బయటికొచ్చింది. ఇనప్పెట్టెలాంటిది ఒకటి వచ్చింది. నిండా మీటలున్న పలక ఒకటి వచ్చింది. అన్నీ అయిపోయాయని తేలాక, "పొత్రం ఏదండి దీనికి?" అంది.

"అలాంటివి ఉండవు. దీనికి సాఫ్ట్‌వేర్ అని వేరే వస్తుంది. అది వేస్తే ఇంటిపనంతా ఇదే చూసుకుంటుంది."

"ఎప్పుడొస్తుందండి?"

"కనుక్కుంటున్నాను."

"సరేనండి" అని ఆవిడ పెరట్లోకి వెళ్ళింది. పోట్లాడితే దొరబాబు గారికి చెప్పడానికి చాలా ఉండేది, దారంతా తయారుచేసుకున్నారు కూడా. ఆవిడ పోట్లాడలేదు. కాసేపటికి రుబ్బురోలు చప్పుడు మొదలైంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్న చప్పుడే గానీ, ఆ పూట ఎందుకో గట్టిగా వినపడింది. ఆయన ఫ్యాను పెద్దది చేసుకున్నారు.

కంప్యూటర్‌కు వేడి పడదు, దుమ్ము పడదు. ఇంట్లో వేడీ దుమ్మూ లేని గది ఒక్కటే, అది పాపాయమ్మ గారిది.

"నా గదిలో ఎవర్రా పడుకునేది?" అని అడిగారావిడ.

"కంప్యూటరమ్మా."

"దానికేం జబ్బు?"

"వేడి పడదంట."

"నాకూ పడదు" అన్నారు పాపాయమ్మ గారు, హాల్లోకి వెళుతున్న తన మంచం వెనకాలే నడుస్తూ.

ఊరికది మొదటి కంప్యూటర్. నెల్లాళ్ళు దొరబాబు గారి అరుగు ఖాళీ లేదు. పక్క చేను రైతు సత్తియ్య గారు రోజూ వచ్చేవారు, చుట్టాలొస్తే వాళ్ళనీ తెచ్చేవారు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, తెరమీద రంగులు మారడం చూసేవారు. కంప్యూటర్‌లో ఒక గడియారం ఉంది. బొమ్మలు గీసేది ఒకటుంది. పేకాట ఉంది, చేతిలో ముక్కలు లేకుండా ఒక్కడే ఆడుకోవచ్చు. "ఒక్కడే ఆడితే గెలిచినట్టెలాగండి?" అని సత్తియ్య గారు అడిగితే, "అదే దీని గొప్పతనమండి" అన్నారు దొరబాబు గారు. అందరూ తలలూపారు. ఆ వచ్చినవాళ్ళల్లో ఒక్కరంటే ఒక్కరు, ఇది దేనికి పనికొస్తుందండి అని అడగలేదు. ఎంత మర్యాదస్తులో చూడండి.

అడగకపోయినా దొరబాబు గారే చెప్పేవారు. "ఇంటిపనుల కోసం తెచ్చామండి. మా ఆవిడకి భుజం నొప్పి."

ఇక సాఫ్ట్‌వేర్ వేట మొదలైంది.

మొదట దొరికింది వంటల సీడీ. వెయ్యి వంటలున్నాయని దాని అట్టమీదే రాసుంది. దొరబాబు గారు లోవలక్ష్మిని పిలిచి, పక్కన కూచోబెట్టుకుని, ఒకటొకటీ చదివి తెలుగులో చెప్పారు. ప్రతి వంటా ఓవెన్ వేడి చెయ్యడంతో మొదలవుతోంది. ఓవెన్ అంటే ఏంటండి అని ఆవిడ అడిగితే ఆయన వేరే వంటకు వెళ్ళిపోయేవారు. చివరికి మనవాటి కోసం వెతుకుదామని 'పులస' అని కొట్టారు. కంప్యూటర్ కాసేపు గిర్రున ఆలోచించి, మీరు తప్పు రాశారు, అది 'పల్స్' కాబోలు అంది. పల్స్ అంటే పప్పు. గోదావరి వరదనీట్లో ఎదురీదుకుంటూ వచ్చే పులస చేపను పట్టి అంత తేలిగ్గా పప్పు చేసినవాళ్ళు ఇప్పటిదాకా లేరు.

లోవలక్ష్మి వినయంగా లేచింది. "పొయ్యి మీద పులుసుందండి, పొంగుతుంది."

రెండోది ఇంటి సామాన్ల సాఫ్ట్‌వేర్. ఇల్లు కాలిపోతే ఏమేం పోయాయో చెప్పడానికి అమెరికావాళ్ళు తయారుచేసుకున్నదట. అది ప్రశ్నలడుగుతుంది, మనం జవాబులివ్వాలి. మీ ఇంట్లో చలిమంట గూడు ఎన్ని గదుల్లో ఉంది? మీ నేలమాళిగలో తేమ ఉందా? మంచు ఎత్తే పార ఎక్కడ పెడతారు? దొరబాబు గారు అన్నిటికీ 'లేదు' 'లేదు' అని కొట్టుకుంటూ వెళ్ళారు. తన ఇంట్లో ఇన్ని లేవని ఆయనకు అంతవరకూ తెలీదు. మనసు చిన్నబోయింది. ఇంతలో, మీకు సొంత పడవ ఉందా అని అడిగింది. కాలవ దాటడానికి నాటుపడవ ఉంది. ఆయన నిటారుగా కూచుని 'ఉంది' అని కొట్టారు. అయితే మీ పడవ మోటారు ఏ కంపెనీది, మీ పడవ క్లబ్బు పేరేంటి అని అడిగింది. ఆయన కరెంటు తీసేశారు.

మామూలు మనిషైతే అక్కడితో ఊరుకునేవాడు. కానీ దొరబాబు గారికి పెరట్లోంచి ఆ చప్పుడు రోజూ వినపడుతూనే ఉంది. ఆయన మళ్ళీ రాజమండ్రి వెళ్ళి, మన ఇళ్ళకు సరిపోయేది ఒకటి తయారుచేసి ఇమ్మని గణేష్‌బాబును గట్టిగా అడిగారు.

గణేష్‌బాబు కూడా మనసున్న మనిషే. అంతకుముందు ఎవరికో మందుల షాపు కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాసిచ్చి ఉన్నారు. అందులో షాపు పేరు చెరిపేసి దొరబాబు గారి పేరు రాసి ఇచ్చారు. "సరుకు సరుకేనండి. మాత్రలైతే ఏంటి, మినప్పప్పైతే ఏంటి" అన్నారు.

దొరబాబు గారు వంటింట్లోకి అడుగుపెట్టారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అక్కడి అలమారా తలుపు తియ్యడం అదే మొదలు. ఏ డబ్బాలో ఏముందో చూసి, తూచి, వచ్చి కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆవాలు ఎక్కడుంటాయో తెలిసింది. గసగసాలు, బొంబాయి రవ్వ ఒకటి కాదని తెలిసింది. చదువరులారా, ఇది లాభం కాదా? కంప్యూటర్ లేకపోతే ఈ జన్మకు ఆయనకవి తెలిసేవేనా?

కాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తన పాత అలవాట్లు మానలేదు. ప్రతి సరుక్కీ డాక్టరు పేరు అడిగేది. పేరు ఇవ్వకపోతే ముందుకు కదిలేది కాదు. దొరబాబు గారు అన్నిటికీ 'డాక్టర్ పాపాయమ్మ' అని కొట్టారు. గడువు తేదీ అడిగేది. నిరుటి ఆవకాయ జాడీకి తేదీ ఇస్తే, ఎర్రటి అక్షరాల్లో, గడువు దాటింది, వెంటనే కంపెనీకి తిప్పి పంపండి అంది.

"కంపెనీ ఎవర్రా?" అని అడిగారు పాపాయమ్మ గారు.

"నువ్వేనమ్మా."

"అయితే నాకే పంపించు" అని ఆవిడ జాడీ తన మంచం కిందికి జరిపించుకున్నారు.

ఇంకో చిక్కు, సరుకు పేరు ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిదికి మించకూడదు. కొబ్బరినూనె కొడితే 'కొబ్బరిన్' దగ్గర ఆగిపోయింది. పాపాయమ్మ గారు రోజూ తాగే కొబ్బరినీళ్ళు కొడితే అవీ 'కొబ్బరిన్' దగ్గరే ఆగిపోయాయి. కంప్యూటర్ రెండిటినీ ఒకే ఖాతాలో కలిపేసింది. తలకు నూనె అయిపోయిందండి, వచ్చేటప్పుడు తెండి అని లోవలక్ష్మి చెబితే, దొరబాబు గారు చూసొచ్చి, "ఇంట్లో కావలసినంత ఉంది" అన్నారు.

"ఎక్కడుందండి?"

"ఎక్కడుందో అది చెప్పదు. ఉందని చెబుతుంది."

ఆవిడ ఖాళీ సీసా తీసుకొచ్చి ఆయన ముందు బోర్లించింది. ఆయన సీసా వంకా తెర వంకా మార్చి మార్చి చూశారు. ఆ వారమంతా లోవలక్ష్మి తలకు నూనె లేకుండానే తిరిగింది.

ఇలా వేసవి పోయి, వానలు పోయి, ఆశ్వయుజమాసం వచ్చింది. అట్లతద్ది దగ్గర పడింది.

లోవలక్ష్మి నోము ఉద్యాపన చేసుకోవాలి. పెళ్ళయిన కొత్తల్లో చేసుకోవలసింది, ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డొచ్చి వాయిదా పడుతోంది. ఈసారి పాపాయమ్మ గారు పట్టుబట్టారు. "నా కళ్ళతో చూస్తాను. మళ్ళీ ఏటికి నేను ఏ గదిలో ఉంటానో" అన్నారు. ఉద్యాపనంటే పది మంది ముత్తైదువలకు పదకొండేసి అట్లు వాయనమివ్వాలి, గౌరీదేవికి పదకొండు నైవేద్యం పెట్టాలి. అన్ని అట్లకూ పిండి కావాలి.

ఇది కంప్యూటర్‌కు తగిన పని. దొరబాబు గారు గది తలుపేసుకుని కూచుని, లెక్కంతా వేయించి, భార్యనూ తల్లినీ పిలిచి చూపించారు. మొత్తం నూట ఇరవై ఒకటి అని వచ్చింది. దాని పక్కనే 'మాత్రలు' అని ఉంది. కింద, పూటకొకటి చొప్పున భోజనం తర్వాత వేసుకోవలెను అని కూడా ఉంది.

"అవన్నీ పట్టించుకోకండి. అంకె కరెక్టే" అన్నారు దొరబాబు గారు.

"పదకొండు పదకొండులు నూట ఇరవై ఒకటని నేనూ చెబుదును కదరా" అన్నారు పాపాయమ్మ గారు.

లోవలక్ష్మి బియ్యం, మినప్పప్పు నానబోసింది. పండగ ముందురోజు మధ్యాహ్నం రుబ్బురోలు కడిగి, పీట వేసుకుని కూచుంది. ఎడమచెయ్యి పొత్రం మీద వేసింది.

పాపాయమ్మ గారు చూశారు. "అదేంటమ్మాయ్, నోము పిండి ఎడంచేత్తోనా?"

"కుడిచెయ్యి లేవదత్తయ్యా."

"మామూలు రోజుల్లో ఏ చేత్తో రుబ్బినా నేను అడిగానా? ఇది గౌరమ్మకి పెట్టేది."

ఆవిడ మాటలో తప్పులేదు. లోవలక్ష్మి కుడిచెయ్యి వేసి పొత్రాన్ని తిప్పబోయింది. సగం తిరిగి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికో, మరి దేనికో తెలీదు. పనిమనిషి మరిడమ్మ కూతురి పురిటికి వెళ్ళింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఎవరి పిండి వాళ్ళు రుబ్బుకుంటున్నారు. పాపాయమ్మ గారికి పొత్రం ఎత్తే వయసు కాదు.

గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న దొరబాబు గారు హాల్లోకి వెళ్ళి రాజమండ్రికి ఫోన్ చేశారు.

"గణేష్‌బాబు గారూ, పిండి రుబ్బే సాఫ్ట్‌వేర్ ఏమైనా వచ్చిందాండి? అర్జంటండి."

"అబ్బే, ఆ పనికి సాఫ్ట్‌వేర్ సరిపోదండి. హార్డ్‌వేర్ కావాలి."

"ఏంటండి అది?"

"గ్రైండరండి."

దొరబాబు గారు ఫోన్ పెట్టేశారు. కుంభాభిషేకానికి తప్ప చొక్కా విప్పని మనిషి, చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించారు. పెరటి తలుపు దగ్గరికేసి, "లే" అన్నారు భార్యతో.

"మీరాండి?"

"లే అంటుంటే."

మొదట్లో బాగానే తిరిగింది. ఇంత తేలిక పనికా ఇన్నాళ్ళూ అనుకున్నారు. పిండి అంచులకు ఎక్కుతుంటే ఎడంచేత్తో లోపలికి తోస్తూ, కుడిచేత్తో తిప్పుతూ ఉండాలి. రెండూ కలవడం లేదు. తోస్తే తిరగదు, తిప్పితే ఒలికిపోతుంది. నడుం మొదలుపెట్టింది. తర్వాత మెడ. తర్వాత భుజం, సరిగ్గా ఆ భుజమే. ఇక అయిపోయిందని ఆయన గట్టిగా అనుకున్నప్పుడల్లా పాపాయమ్మ గారు రెండు వేళ్ళతో కాస్త పిండి తీసి నలిపి చూసి, "ఇంకా రవ్వగానే ఉందిరా" అనేవారు.

అప్పుడే తలుపు తోసుకుని సత్తియ్య గారు వచ్చారు. వెనకాల ఇద్దరు చుట్టాలు. పండక్కి వచ్చినవాళ్ళకు కంప్యూటర్ చూపిస్తానని తీసుకొచ్చారు. మోచేతుల దాకా పిండితో, పీట మీద కూచున్న దొరబాబు గారిని ముగ్గురూ చూశారు.

"ఏంటండి దొరబాబు గారూ, మీరు రుబ్బుతున్నారా?"

దొరబాబు గారికి ఎక్కడ లేని సిగ్గూ ముంచుకొచ్చింది. నోటికి ఏదొస్తే అది అన్నారు. "కంప్యూటర్ రిపేరులో ఉందండి."

చుట్టాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయితే మామూలప్పుడు అదే రుబ్బేస్తుందాండి?" అన్నాడొకాయన, గొంతు తగ్గించి. సత్తియ్య గారు అవునన్నట్టు తల పంకించారు. ముగ్గురూ ఆ గది వైపు తిరిగి, మూసి ఉన్న తలుపును భక్తిగా చూసి వెళ్ళిపోయారు. చూశారా, చెడిపోయి కూడా పరువు పెంచే వస్తువు ఇంకేముంటుంది?

వాళ్ళు వెళ్ళాక లోవలక్ష్మి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. దొరబాబు గారు నవ్వలేదు. పొత్రం వదిలేసి, పిండి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి ఎడంచేత్తో రుబ్బుతున్నావు?"

"కుడిచెయ్యి లేవని దగ్గర్నుంచీనండి."

"నాతో చెప్పొద్దూ?"

"చెప్పానండి" అంది ఆవిడ, మామూలుగానే. "మీరు కంప్యూటర్‌లో ఎక్కించుకున్నారు కూడా."

నిజమే. ఆయనకు గుర్తొచ్చింది. సరుకులు ఎక్కిస్తున్నప్పుడు ఆవిడ పక్కన నించుని, భుజం మళ్ళీ నొప్పెడుతోందండి, ఎడంచేత్తో రుబ్బుతున్నాను అంది. ఇంటి సంగతులన్నీ కంప్యూటర్‌లో ఉండాలి కదా అని ఆయన అదీ కొట్టారు. 'భుజంనొప్పి' ఎనిమిది అక్షరాల దగ్గర తెగిపోయి, బెల్లానికీ బియ్యానికీ మధ్యన చేరింది. ఎన్ని అంటే ఒకటి. డాక్టరు పాపాయమ్మ. గడువు తేదీ దగ్గర ఏం కొట్టాలో తెలీక ఖాళీగా వదిలేశారు.

ఆయన మళ్ళీ పొత్రం పట్టుకున్నారు. పాపాయమ్మ గారు ఈసారి పిండి నలిపి చూసి, "ఇప్పుడు పర్లేదు" అనేదాకా వదల్లేదు.

మర్నాడు చంద్రోదయమయ్యాక లోవలక్ష్మి ఉద్యాపన చేసుకుంది. అట్లు కాస్త మందంగా వచ్చాయి. వాయనాలందుకున్న పది మందిలో ఎవరూ ఆ మాట అనలేదు. రుబ్బిందెవరో అప్పటికే ఊరంతటికీ తెలుసు. కొందరు కంప్యూటరనీ, కొందరు దొరబాబు గారనీ చెప్పుకుంటున్నారు.

రెండు చేతులూ పైకి లేవడానికి దొరబాబు గారికి మూడు రోజులు పట్టింది. నాలుగోరోజు రాజమండ్రి బస్సెక్కారు. గణేష్‌బాబు షాపు గుమ్మంలోనే ఉన్నారు. "రండి రండి, ఇంటి వైద్యం సీడీ కొత్తగా వచ్చిందండి. భుజం నొప్పి అని కొడితే చాలు, ఏం చెయ్యాలో చెబుతుంది" అన్నారు. దొరబాబు గారు ఆగారు. లోపల్నించి ఏసీ గాలి చల్లగా కాళ్ళకు తగిలింది. ఇక్కడ ఆయన మొహం తిప్పుకుని వెళ్ళిపోయారని రాస్తే బాగుండేది. మనిషి నాలుగు రోజుల్లో అంతలా మారతాడా? సీడీ కొన్నారు. కానీ దాన్ని జేబులో పెట్టుకుని, పక్క షాపులోకి వెళ్ళి గ్రైండర్ కూడా కొన్నారు.

గ్రైండర్ వచ్చిందని తెలిసి సాయంత్రానికి అరుగు నిండింది. సత్తియ్య గారు ముందు వచ్చారు. గ్రైండర్‌ను హాల్లో పాపాయమ్మ గారి మంచం పక్కన దించి ఉంచారు. ఎవరూ చెప్పులు విడవలేదు. చేతులు కట్టుకోలేదు. సత్తియ్య గారు దాన్ని వేలితో కొట్టి చూశారు.

"ఏం చేస్తుందండి ఇది?"

"పిండి రుబ్బుతుందండి" అన్నారు దొరబాబు గారు.

"అంతేనాండి?"

"అంతేనండి."

"ముగ్గురున్న ఇంటికి ఇది అవసరమంటారా?" అన్నారొకాయన.

"కరెంటు చాలా లాగుతుందేమోనండి" అన్నారు ఇంకొకాయన.

"రుబ్బురోలు బాగానే ఉందిగా, అదేం చేసింది?"

"పాడైతే బాగుచేసేవాడు మన ఊళ్ళో దొరకాలి కదండి."

"ఎంతకాలం వాడతారులెండి. మోజు తీరేదాకా."

గది తలుపు తీసే ఉంది. లోపల కంప్యూటర్ తన గుడ్డ కప్పుకుని, ఫ్యాను కింద చల్లగా ఉంది. వచ్చి ఆర్నెల్లు కావస్తున్నా ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా దాని దగ్గరికి వెళ్ళలేదు. దాని గురించి ఎవరేమడిగినా రోజంతా చెప్పగల దొరబాబు గారు గ్రైండర్ పక్కన భుజం తడుముకుంటూ నించున్నారు.

సత్తియ్య గారు లోవలక్ష్మి వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. నిజంగా ఇది రోజూ వాడతావా?"

లోవలక్ష్మి కొంగు సర్దుకుంది.

"వాడటానికి కాదండి అన్నయ్య గారూ. హాల్లో పెట్టుకుని చూసుకుందామని తెచ్చాం."

అందరి మొహాలూ విచ్చుకున్నాయి. "అలా చెప్పమ్మా మరి" అన్నారు సత్తియ్య గారు, చెప్పులు విడుస్తూ.